శుద్ధలేఖన మేళం

వారణాశి నృసింహం గారికి సంగీతమంటే పడదని ఊళ్లో అనుకునేవాళ్లు. అది అన్యాయం. ఆయనకు పడనిది సంగీతం కాదు, సంగీతం వాళ్లు రాసే తెలుగు.

రాజమండ్రిలోని సుస్వర సంగీత పరిషత్తుకు ఆయన రిజిస్ట్రారు. అంతకు ముందు హైస్కూల్లో తెలుగు పండితుడిగా ఉండి, ఒత్తులు మింగేసిన పిల్లల చెవులు మెలిపెట్టి మెలిపెట్టి, రిటైరయ్యాక ఈ కుర్చీలోకి వచ్చారు. ఇక్కడ తప్పులు రాసేవాళ్ల చెవులు మెలిపెట్టడానికి వీల్లేదు. వాళ్లకు ఏటేటా పరిషత్తే శాలువాలు కప్పుతుంది.

మరి ఆ తప్పులు మామూలు తప్పులా! శ్రుతి పెట్టెను కళ్లకద్దుకుని గానీ ముట్టుకోని మనిషి దాన్ని 'శృతి' అని రాస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచి మృదంగాన్ని ఒళ్లో పెట్టుకున్నవాడు 'మ్రుదంగం' అని దరఖాస్తు పెడతాడు. విద్వాంసుడని రాసుకోవయ్యా అంటే, గౌరవం కాస్త ఎక్కువగా ఉంటుందని కాబోలు, 'విధ్వాంసుడు' అని ద కింద ఒత్తు కూడా తగిలిస్తాడు. నృసింహం గారి పేరు సంగతి సరేసరి. న్రుసింహం, నృశింహం, నర్సిమ్మం అన్నీ అయ్యాక, ఒక వయొలిన్ ఆయన ఏకంగా 'నృహింసం గారికి నమస్కారములు' అని ఉత్తరం రాశాడు. ఆ రోజు నృసింహం గారు అన్నం తినలేదు.

కచేరీకి వెళ్లినా ఇదే బాధ. అందరూ కళ్లు మూసుకుని వింటుంటే ఈయన కళ్లు తెరుచుకుని చదివేవారు. వేదిక మీద కల్యాణి రాగం గోదారిలా పారుతుంటే, వెనక బ్యానరు మీద 'కళ్యాని' అని ఉండేది. ఆయన చూపు ఆ 'ని' దగ్గర పడి ఇక లేచేది కాదు. కచేరీ ఎలా ఉందండీ అని ఎవరైనా అడిగితే, "మూడు తప్పులు" అనేవారు.

ఇలా ఓర్చుకుంటూ ఓర్చుకుంటూ ఉండగా, వార్షికోత్సవంలో వాయించడానికి యానాపు వీర్రాజు దరఖాస్తు వచ్చింది. వీర్రాజుది ధవళేశ్వరం. సన్నాయి వాయిస్తాడు. ఆయన సన్నాయి లేకుండా ఆ చుట్టుపక్కల పెళ్లి జరిగితే అది పెళ్లిలా అనిపించదని జనం అనేవాళ్లు. ఆయన రాసిన ఆ ఒక్క పేజీలో తప్పు లేకుండా ఉన్నది తేదీ మాత్రమే. అదైనా అంకెల్లో ఉంది కాబట్టి బతికింది. నృసింహం గారు కాగితం పట్టుకుని తిన్నగా అధ్యక్షుల గదిలోకి వెళ్లిపోయారు.

పరిషత్తు అధ్యక్షులు గన్నమని పట్టాభిరామయ్య గారికి రైసుమిల్లులున్నాయి. సంగీతంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు కాబట్టి నిష్పాక్షికంగా ఉంటారని ప్రభుత్వం ఆయన్ని నియమించింది. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి, బల్ల మీద పెట్టారు.

"రిజిస్ట్రారు గారూ, ఇది కేవలం అక్షరదోషముల సమస్య కాదు. ఇది సాంస్కృతిక సమస్య. నాదము అక్షరమునందు పుట్టును. అక్షరము చెడినచో నాదము చెడును. కనుక తత్సంబంధమైన సముచిత చర్యలు చేపట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది."

నాదం అక్షరంలో పుడుతుందని నృసింహం గారు కూడా ఎక్కడా చదవలేదు. అయినా ఇంతకాలానికి తన బాధ అర్థం చేసుకున్న మనిషి దొరికాడు కదా అని మురిసిపోయి, ఆ సాయంత్రమే నియమావళి తయారుచేశారు. శుద్ధలేఖన యోగ్యతాపత్రం లేని వ్యక్తి ఏ బహిరంగ స్థలమందును, ఏ వాద్యమునైనను వాయించరాదు, పాడరాదు, తాళము వేయరాదు. ఒక్క అక్షరదోషం లేని నియమావళి అది. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్య భ్రమరాంబ గారికి చదివి వినిపించారు కూడా.

"బాగానే ఉంది గానీ, తాళం కూడానా అండీ? భజనలో ముసలమ్మలు ఏం చేస్తారూ?" అన్నారావిడ.

"పరీక్ష రాస్తారు" అన్నారు నృసింహం గారు.

పరీక్ష పరిషత్తు హాల్లో పెట్టారు. జిల్లాలో ఉన్న విద్వాంసులంతా కొత్త కలాలు జేబులో పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. మృదంగం వాళ్ల వేళ్లు ఊరుకుంటాయా? ఒకాయన బెంచీ మీద సన్నగా మొదలుపెట్టాడు. పక్కాయన అందుకున్నాడు. నృసింహం గారు డిక్టేషన్ మొదలుపెట్టేసరికి హాలంతా ఆదితాళంలో ఉంది.

"నిశ్శబ్దం! మొదటి మాట. శ్రుతి."

వీర్రాజు లేచి నిలబడ్డాడు. "పంతులుగారండీ, రెండాండీ, రెండున్నరాండీ?"

"ఏమిటి రెండున్నర?"

"శ్రుతేనండి. ఎంతో తెలిస్తేనే కదండీ ఎత్తుకునేది."

"ఎత్తుకోవద్దు. రాయి."

"రాస్తే వినపడదు కదండీ" అన్నాడు వీర్రాజు. వెటకారానికి కాదు, నిజంగానే అనుమానం వచ్చి అడిగాడు. నృసింహం గారు ఆయన్ని కూర్చోబెట్టి రెండో మాటకు వెళ్లిపోయారు.

విద్వాంసుల్లో ఒక్కడంటే ఒక్కడు గట్టెక్కలేదు. పాసైనవాళ్లు ముగ్గురు. ఒకరు అచ్యుతం గారు, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. తక్కిన ఇద్దరిలో ఒకరు దస్తావేజు లేఖరి, ఇంకొకరు కోర్టులో నకళ్లు రాసేవారు. డిక్టేషన్ రాసి చాలాకాలమైందన్న సరదాతో వచ్చారు తప్ప, ముగ్గురిలో ఎవరూ జన్మలో వాద్యం ముట్టుకోలేదు. ఈ మాటే నృసింహం గారు కాస్త నీళ్లు నములుతూ అధ్యక్షులతో చెప్పారు.

"నియమావళియందు 'వాయించుట వచ్చి యుండవలెను' అని యున్నదా?" అని అడిగారు పట్టాభిరామయ్య గారు.

"లేదండి."

"లేని నిబంధనను విధించుట చట్టవిరుద్ధము. వారే విద్వాంసులు."

వార్షికోత్సవంలో ఆ ముగ్గురి కచేరీయే జరిగింది. వేదిక మీద తివాచీ పరిచి, వాద్యాలకు బదులు నల్లబల్ల పెట్టారు. అచ్యుతం గారు పట్టుపంచెతో వచ్చి, సభకు నమస్కరించి, సుద్దముక్క అందుకుని 'కల్యాణి' అని రాశారు. తొందరపడలేదు. 'ణి'కి గుడి ఎక్కడ తిరగాలో అక్కడ ఆగి, సభను ఓసారి చూసి, అప్పుడు తిప్పారు. పక్కన లేఖరి గారు 'శ్రుతి' అని రాసిన అట్టను కచేరీ మొదలైనప్పటి నుంచి చివరిదాకా దించకుండా పట్టుకున్నారు. నకళ్లాయన, మృదంగం ఒంటరిగా మోగవలసిన తని ఆవర్తనంలో, 'కార్త్స్న్యము' రాసినప్పుడు ముందు వరుసలో ఎవరో ఆపుకోలేక "భళా!" అన్నారు. ఆ అన్నది నృసింహం గారే. జీవితంలో మొదటిసారి ఆయన ఒక కచేరీని బ్యానరు వంక చూడకుండా ఆనందించారు. మర్నాడు పేపర్లో, కచేరీ మొత్తంలో ఒక్క అపస్వరం కూడా వినిపించలేదని రాశారు. అది నిజమే కదా.

ఇంతటి విజయం తర్వాత పరిషత్తు ఊరుకుంటుందా? తనిఖీ దళాలు బయల్దేరాయి. రైల్లో పాడుకునే గుడ్డాయన దగ్గర హార్మోనియం లాక్కున్నారు. గుడిలో సుప్రభాతం ఆగిపోయి, ధ్వజస్తంభం పక్కన బోర్డు మీద పూజారి 'తెల్లవారినది' అని రాయడం మొదలైంది. చంటిపిల్లల తల్లులు గోలపెడితే పరిషత్తు పెద్దమనసు చేసుకుని వీధి అరుగుల మీది లాలిపాటలకు మినహాయింపు ఇచ్చింది, బిడ్డ నిద్రపోయేంత వరకు మాత్రమే. నిద్రపోయాక కూడా పాడుతున్న ఒక అమ్మమ్మకు నోటీసు వెళ్లింది.

సరిగ్గా ఈ రోజుల్లోనే నృసింహం గారి ఒక్కగానొక్క కూతురు విపంచికి పెళ్లి కుదిరింది. వరుడిది అమలాపురం, మంచి సంబంధం. పెళ్లి పెద్దగా, ఊరందరి ముందు, కల్యాణమండపంలో. కల్యాణమండపం బహిరంగ స్థలం.

"మేళానికి వీర్రాజుకు కబురు పెట్టారా?" అని అడిగారు భ్రమరాంబ గారు.

నృసింహం గారు కిటికీలోంచి బయటికి చూశారు.

విపంచికి విషయం అర్థమైపోయింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మూసిన కన్ను తెరవకుండా పడుకుంటే, వీధిలో వెళ్తున్న వీర్రాజును వాళ్లమ్మ లోపలికి పిలిచింది. ఆయన మంచం పక్కన కూర్చుని వాయిస్తే పిల్ల లేచి కూర్చుని పాలు అడిగింది. అప్పటి నుంచి నా పెళ్లికి నువ్వే రావాలని ఆయనకు చెబుతూనే ఉంది.

"నాన్నా, ఒక్క రోజుకి. నా పెళ్లికి."

"నియమం పెట్టిందే నేనమ్మా. నేనే తప్పితే నలుగురూ ఏమంటారు?"

ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. "సరే నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేది. ఆ 'సరే' నృసింహం గారికి ముల్లులా గుచ్చుకుని, పెళ్లి పనుల్లో ఎంత తిరిగినా ఊడి రాలేదు.

వీర్రాజును భోజనానికి మాత్రం పిలిచారు. పిలవడానికి నృసింహం గారే వెళ్లారు. "పాపగారి పెళ్లికండీ, వాయించకుండా తినడవంటే ముద్ద ఎలా దిగుద్దండీ?" అన్నాడు వీర్రాజు. అయినా వస్తానన్నాడు.

పెళ్లి పగటి ముహూర్తం. మండపం కిటకిటలాడుతోంది. అధ్యక్షులు పట్టాభిరామయ్య గారు ముందు వరుస సోఫాలో పడిశంతో కూర్చున్నారు. వేదిక పక్కన భజంత్రీలు ఉండవలసిన చోట నల్లబల్లా, అచ్యుతం గారూ, ఆయన సహవిద్వాంసులూ ఉన్నారు. వరుడి మేనత్త ఒకావిడ అటూ ఇటూ వెతికి, "మేళం ఏదండీ?" అని అడిగింది.

"అదిగోనమ్మా, రాసి ఉంది" అన్నారు నృసింహం గారు.

ఆవిడ చదువుకుంది. ఆయన్ని అదోలా చూసింది.

లగ్నం దగ్గరపడింది. వధూవరుల మధ్య తెర పట్టారు. ఇద్దరి చేతుల్లోనూ తమలపాకులో జీలకర్ర బెల్లం. సిద్ధాంతి గారు గడియారం చూసుకుని, చెయ్యి పైకెత్తి, యాభై ఏళ్ల అలవాటుతో గట్టిగా అరిచారు.

"గట్టిమేళం! గట్టిమేళం!"

అచ్యుతం గారు లేచారు. సుద్దముక్క విరుగుతుందేమో అన్నంత ఒత్తిపట్టి, బల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి 'గట్టిమేళం' అని రాశారు. గట్టితనం తెలియడానికి కింద రెండు గీతలు కూడా గీశారు.

మండపంలో నిశ్శబ్దం ఆవరించింది.

గట్టిమేళం ఎందుకు పెట్టారో పెద్దలకు తెలుసు. శుభలగ్నంలో అశుభమైన మాట వధూవరుల చెవిన పడకూడదని. ఇన్ని తరాలుగా డోలూ సన్నాయీ కలిసి ఎన్ని మాటలు కప్పెట్టాయో ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. మూడో వరుసలో ఒకాయన ఫోన్లో, "శవాన్ని ఎన్నింటికి లేపుతున్నార్రా?" అంటున్నాడు. ఆయనకు ఇక్కడ నిశ్శబ్దమైన సంగతి తెలియదు. వంటశాలలోంచి, "తగలడిపోయింది, మొత్తం తగలడిపోయింది!" అని వినిపించింది. పులిహోర గురించే అయ్యుంటుంది, కానీ అరిచినవాడు ఆ మాట చెప్పలేదు. వెనక వరుసల్లో ఇద్దరు ఆడవాళ్లు ఈ సంబంధం ఎన్నాళ్లు నిలుస్తుందో అంచనా వేస్తున్నారు. వీటన్నిటి మీదా, సోఫాలోంచి అధ్యక్షుల వారు నిండుగా ఒక తుమ్ము తుమ్మారు.

వరుడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. సిద్ధాంతి గారు కళ్లు మూసుకున్నారు. మేనత్త లేచి, వరుడి తండ్రి వైపు తిరిగింది.

"అన్నయ్యా! మేళం లేకుండా, శవాల మాటల మధ్య, తుమ్ము మీద జీలకర్ర బెల్లం పెట్టిస్తావా పిల్లాడి చేత? దించమను చెయ్యి!"

"అమ్మా, లగ్నం దాటిపోతోంది" అన్నారు సిద్ధాంతి గారు దీనంగా. "మళ్లీ ముహూర్తం ఆర్నెల్లదాకా లేదు."

నృసింహం గారు కూతురి వంక చూశారు. తెర ఇవతల పిల్ల తల వంచుకుని ఉంది. ఆకులోని బెల్లం కరిగి మణికట్టు మీదుగా కారుతోంది. ఆమె తండ్రి వంక చూడలేదు. నిన్న కూడా చూడలేదు. నియమావళిలోని వాక్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఒక్కటీ గుర్తు రాలేదు.

ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ, భోజనాల హాలు గుమ్మం దగ్గరికి పరుగెత్తారు. వీర్రాజు అక్కడే నిలబడి ఉన్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన సన్నాయి. పక్కనే ఆయన బావమరిది సింహాచలం, డోలుతో సహా.

"వాయించు వీర్రాజూ!"

"ఆయ్, పట్టుకెళ్లిపోతారండి. కాయితం మీద రాసిస్తారాండీ?"

"కాగితం లేదు, కలం లేదు. నోటితో చెబుతున్నాను. నా పిల్ల పెళ్లి ఆగిపోతోంది, నీ కాళ్లు పట్టుకుంటాను, వాయించవయ్యా!"

ఆయన నిజంగానే వంగబోయారు. వీర్రాజు వంగనివ్వలేదు. తువ్వాలు లాగేశాడు.

సింహాచలం డోలు మీద మొదటి దెబ్బ పడేసరికి కిటికీల అద్దాలు అదిరాయి. దాని వెనకే సన్నాయి లేచింది. ఫోన్లో శవం, తగలడిన పులిహోర, వెనక వరుసల అంచనాలు అన్నీ ఎక్కడివక్కడ మునిగిపోయాయి. అధ్యక్షుల వారు మళ్లీ తుమ్మారు, అది ఆయనకే వినిపించలేదు. తెర తొలగింది. చేతులు తలల మీదికి వెళ్లాయి. మేనత్త కూర్చుని కళ్లొత్తుకుంది. విపంచి తలెత్తి చూసింది, ముందు సన్నాయి వంక, తర్వాత తండ్రి వంక.

నృసింహం గారు గుమ్మం దగ్గరే నిలబడిపోయి, కళ్లు మూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇన్నేళ్లూ తాను సంగీతం వినలేదని, చదివానని అప్పుడు తెలిసింది. ఎంత పోగొట్టుకున్నానురా దేవుడా అనిపించింది.

మరుసటి వారం విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షత పట్టాభిరామయ్య గారు, సంగీత నిపుణుడు అచ్యుతం గారు. ఎదురుగా రెండు కుర్చీల్లో నృసింహం గారూ, వీర్రాజూ.

"రిజిస్ట్రారు గారూ," అన్నారు అధ్యక్షులు, "ఈ సంఘము తమయెడ సానుభూతి కలిగి యున్నది. నియమావళి సంగీతమునకు వర్తించును. శబ్దమునకు వర్తించదు. మిల్లు మోతకును, బస్సు హారనుకును మనము యోగ్యతాపత్రము అడుగుట లేదు గదా. ఆనాడు మండపమున వినవచ్చినది శబ్దమే అని తమరు వాంగ్మూలమిచ్చినచో, ఫైలు మూసివేయబడును. సంగీతము అన్నచో తమ ఉద్యోగము పోవును, ఇతనికి జైలు ప్రాప్తించును. ఆలోచించి చెప్పుడు."

అచ్యుతం గారు కూడా, ఒప్పేసుకోండి అన్నట్టు సైగ చేశారు.

నృసింహం గారు గొంతు సవరించుకున్నారు. శబ్దం. రెండున్నర అక్షరాల మాట. నాలుక దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. విపంచి మొహం కళ్ల ముందు మెదిలింది.

"సంగీతమండి" అన్నారు. "అంత మంచి సంగీతం నేనెప్పుడూ వినలేదు. వాయించమన్నది నేను. జైలైనా ఏదైనా నాకే వేయండి."

వీర్రాజు ఆయన వంక నోరు తెరుచుకుని చూసి, గబుక్కున లేచాడు.

"అబద్ధవండి! పంతులుగారికి ఏం తెలుసండీ సంగీతం గురించి? ఎప్పుడన్నా విన్నారా ఆయన? వాయించినోణ్ణి నేను చెప్తున్నానండి. శబ్దవేనండి. ఒట్టి మోత."

"కాదండి, సంగీతమే!" అన్నారు నృసింహం గారు.

"మోతేనండి! మా తాతల కాణ్ణుంచీ మేం చేసేది మోతేనండి!" అన్నాడు వీర్రాజు. పెద్దింటి పెళ్లిలో కూడా అలా ఎవరైనా తన సన్నాయిని అంటే లేచి వెళ్లిపోయే మనిషి. నృసింహం గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

సంఘం తలలు దగ్గర పెట్టుకుని చర్చించి, ఉత్పత్తిదారుడి వాంగ్మూలానికే ఎక్కువ విలువ ఇవ్వాలని తీర్మానించింది. యోగ్యతాపత్రం లేనివారు వాయించునది శబ్దముగా పరిగణింపబడును. శబ్దముపై పరిషత్తుకు అధికారము లేదు. ఆ కాగితం కింద అధ్యక్షులు సంతకం చేశారు. దాంతో జిల్లాలో ఉన్న సన్నాయిలూ, వీణలూ, మృదంగాలూ, గుడ్డాయన హార్మోనియం కూడా ఒక్కసారిగా విడుదలైపోయాయి. సంగీతం మాత్రం ఇప్పటికీ అచ్యుతం గారి దగ్గరే ఉంది.

ఇద్దరూ మెట్లు దిగుతుంటే వెనక నుంచి అధ్యక్షులు గబగబా వచ్చారు. అటూ ఇటూ చూసి, మామూలు తెలుగులోకి దిగిపోయారు.

"ఇదిగో వీర్రాజూ, మాఘమాసంలో మా మనవరాలి పెళ్లి. నీ మోత కావాలయ్యా. కాస్త మోహన రాగంలో ఉండేట్టు చూడు."

"ఆయ్, అలాగేనండి."

"ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నేను అధ్యక్షుణ్ణి. అక్కడ నలుగురూ ఉంటారు. అది సంగీతంలా వినపడకూడదు."

వీర్రాజు తువ్వాలు భుజాన వేసుకుని, నృసింహం గారి వంక ఓసారి చూశాడు.

"అది నా చేతిలో లేదండి బాబూ. వినేవోళ్ల చెవుల్లో ఉంటదండి" అని, పంతులుగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.